సగం తిరగలి

సోషల్ పాఠాలు చెప్పి రిటైరైనవాడికి ఒక జబ్బు మిగిలిపోతుంది. కంటికి ఏది కనబడినా దాన్ని ఏదో ఒక యుగంలో పడేసేదాకా మనసు ఊరుకోదు. గరుకు రాయి కనబడితే పాత రాతియుగం, నున్నటిదైతే కొత్త రాతియుగం, పక్కింటావిడ చింతపండు పెట్టి చెంబులు తోముతుంటే తామ్రయుగం. మా ఆవిడ నన్ను ఏ యుగంలో వేసిందో మాత్రం ఇన్నేళ్ళ కాపురంలో బయటపెట్టలేదు. కొత్తగా చాక్‌పీసు పట్టిన మీ కుర్రకారు ఈ జబ్బు అంటించుకోకముందే నా సంగతొకటి చెబుతాను. వింటే వినండి, లేకపోతే మీ సెల్‌ఫోన్లు మీకెలాగూ ఉన్నాయి.

ఎనభైల మొదట్లో నన్ను కారంపూడి అవతల ఒక పల్లెటూరి హైస్కూలుకి బదిలీ చేశారు. నేను డెల్టా మనిషిని. కాలవగట్టున పుట్టి, మిల్లు పట్టిన బియ్యం, మరాడించిన పిండి తప్ప ఇంకోటి ఎరగకుండా పెరిగినవాణ్ణి. పల్నాడు బదిలీ అనగానే మా అమ్మ నేను యుద్ధానికి పోతున్నట్టు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "అక్కడ మాటకంటే ముందు కర్ర లేస్తుందటరా, ఎవరితోనూ తగువు పెట్టుకోకు" అని బస్సు కదిలేదాకా చెబుతూనే ఉంది.

బస్సు దిగగానే నాకు ముందుగా కనిపించింది రాయి. ఇళ్ళ గోడలు నాపరాళ్ళు, కప్పులు నాపరాళ్ళు, అరుగులు, పశువుల తొట్లు అన్నీ నాపరాళ్ళే. ఆఖరికి మా బడిలో పిల్లలు కూర్చునే బెంచీలు కూడా దిమ్మెల మీద పరిచిన నాపబండలే. ఎండాకాలంలో వాటిమీద కూర్చున్నవాడు నా పాఠంలో కూడా నిద్రపోలేడు. కరెంటు ఉండేది, ఎప్పుడు ఉంటుందని మాత్రం ఎవరినీ అడక్కూడదు. టీ బంకు దగ్గర పెద్దమనుషులు పల్నాటి యుద్ధం గురించి వాదులాడుకుంటుంటే, అది మొన్న ఆదివారం జరిగిన కొట్లాట అనుకుని హడలిపోయాను. ఆ కోడిపందెంలో తప్పెవరిదో వాళ్ళింకా తేల్చలేదు. వందల ఏళ్ళనాటి గొడవ నిన్నటిదైన ఊళ్ళో, నేను యుగాలు విడగొట్టి చెప్పడానికి దిగాను.

మా హెడ్మాస్టరుగారు లెక్కలు చెప్పేవారు. ఆదివారం వాళ్ళ చర్చిలో ప్రసంగం చేసేవారు. రెండు చోట్లా ఒకటే గొంతు, ఒకటే నెమ్మది. కోపం వచ్చినా ఆయన గొంతు లేవదు, ఎదుటివాడి తల మాత్రం వంగుతుంది. మమ్మల్ని పేర్లతో పిలిచేవారు కాదు. నేను 'సోషల్ గారు', సైన్సు మాస్టారు 'సైన్సు గారు'. పదో తరగతికి మొదటి పీరియడు ఆయన లెక్కలే. గంట కొట్టాక వచ్చినవాళ్ళని లోపలికి రానిచ్చేవారు కాదు. ఆ పీరియడంతా వరండాలో నిలబడవలసిందే.

వరండాలో రోజూ నిలబడేది ఒకే ఒక పిల్ల. ఊళ్ళో ఆయిలింజన్లు బాగుచేసే మెకానిక్కు భాయి కూతురు. నా పాఠం ఒక్కసారి వింటే చాలు, తిరిగి నాకే అప్పజెప్పేది, అదీ నేను తప్పు చెప్పినచోట దిద్ది మరీ. సోషల్లో ఆ పిల్లే ఫస్టు. లెక్కల్లో గుండుసున్నా, ఎందుకంటే లెక్కల పాఠం తను వినేది కిటికీ బయటినుంచి. ఊపిరి అందకుండా పరిగెత్తుకొచ్చేది, పరికిణీ నిండా కందిపొట్టు అంటుకుని ఉండేది. ఎందుకు ఆలస్యమైందని అడిగితే "పని సార్" అని తల వంచుకునేది.

దసరా సెలవులయ్యాక హెడ్మాస్టరుగారు నన్ను పిలిచారు.

"సోషల్ గారూ, మీ శిష్యురాలి సంగతి చూడండి. మొదటి గంటకి రాకపోతే లెక్కల్లో పోతుంది. హాజరు కూడా చాలదు. ఇలాగే ఉంటే పబ్లిక్ పరీక్షకి పంపలేను. పంపనని కాదు, పంపలేను."

ఆ ఊళ్ళో పదో తరగతి పరీక్ష దాకా వచ్చిన ఆడపిల్లలు అప్పటికి చానా తక్కువ. (చూశారా, ఆ ఊరి 'చానా' ఇప్పటికీ నా నోట్లోంచి పోలేదు.) ఈ పిల్లని అక్కడ ఆగిపోనివ్వడం నాకు ప్రాణం ఒప్పలేదు. ఆ సాయంత్రమే మెకానిక్కు భాయి ఇంటికి పోయాను. అతను ఇంటిముందు ఒక ఇంజను పొట్టలోకి మోచేతుల దాకా చేతులు పెట్టి ఉన్నాడు. వాళ్ళమ్మ అరుగు మీద కూర్చుని ఆకు నములుతోంది.

"చదువు మానమని నేనంటన్నానా సార్?" అన్నాడు భాయి చేతులు తుడుచుకుంటూ. "దాన్ని చదివించాలని నాకు మాత్రం లేదా ఏంది? వాళ్ళమ్మ తెల్లారగట్ల మిరప చేలో కలుపుకి పోవాల. మా అమ్మకి జబ్బ పట్టేసింది, రాయి తిప్పలేదు. పెద్దింటోళ్ళ కందులు మేమే ఇసరాల. మరి ఎవరు ఇసరాలో మీరే చెప్పండి."

పెద్దిల్లంటే ఆ ఊరి పెద్ద రైతు ఇల్లు. వాళ్ళకి మరపప్పు గొంతు దిగదట. తిరగలి మీద విసిరిన కందిపప్పే కావాలట. ఈ అరుగు మీది అవ్వ కాపురానికొచ్చిన నాటినుంచి ఆ కందులు ఈ ఇంట్లోనే విసురుతున్నారు. అవ్వ జబ్బ పోయాక పిడి పిల్ల చేతికి వచ్చింది. పొద్దున్నే ఆనాటి కందులు విసిరితే తప్ప ఆ పిల్ల బడికి బయలుదేరడానికి లేదు.

"కారంపూడిలో మరాడించుకొస్తే పోదా?" అన్నాను.

భాయి నన్ను చూసి జాలిపడ్డాడు. "పెద్దమ్మగారు నోట్లో ఏసుకోంగానే కనిపెడద్ది సార్. రాతి పప్పు రుచే వేరు."

చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఇంజన్లు తిప్పి పెట్టేవాడు. కాలవ నీళ్ళు రాని చేలకి నీళ్ళు ఎక్కించేది అతని చెయ్యే. సొంత ఇంట్లో కూతురు చేత్తో రాయి తిప్పుతుంటే మాత్రం అది సూర్యుడు పొడిచినంత సహజమనుకున్నాడు. అవ్వ ఇచ్చిన టీ తాగి వచ్చేశాను.

ఇంతలో నరసరావుపేట నుంచి కబురొచ్చింది. పై ఆఫీసరుగారు బడి చూడ్డానికి వస్తున్నారు, ఏదైనా ఎగ్జిబిషను పెట్టండి అని. నా జబ్బుకి మందు దొరికినట్టయింది. 'నాటి నుండి నేటి దాకా మానవ జీవన యాత్ర' అని పేరు పెట్టేశాను. ఒక గోడవైపు ప్రాచీన యుగం, రెండో గోడవైపు ఆధునిక యుగం. ఆధునిక యుగం బాధ్యత సైన్సు మాస్టారు పుచ్చుకున్నాడు. ఆయన కొత్తగా మిక్సీ కొన్నాడు. దాన్ని దుప్పట్లో చుట్టి, చంటిపిల్లని తెచ్చినట్టు ఒళ్ళో పెట్టుకుని నరసరావుపేట నుంచి బస్సులో తెచ్చాడు. దాని మోతకి దడిసి పక్కింటివాళ్ళ గేదె పాలు ఎగ్గొట్టిందని గర్వంగా చెప్పుకునేవాడు.

ప్రాచీన యుగం కోసం నేను ఊరిమీద పడ్డాను. ఏ ఇంట్లో చూసినా నా కళ్ళకి పురావస్తువులే! రోళ్ళు, రోకళ్ళు, పచ్చడిబండలు, కవ్వాలు, ఆముదపు దీపాలు. మా డెల్టా ఇంట్లో మా నాయనమ్మ కాలంలోనే ఇవన్నీ అటకెక్కాయి కాబట్టి, ఇక్కడ కూడా చాలామటుకు మూలన పడున్నాయనుకున్నాను. అయ్యవారు నోరు తెరిచి అడిగితే కాదనే ఊరు కాదది. తిట్టుకుంటూనే బండికెత్తించారు. తిరగళ్ళలోకెల్లా అందమైనది మెకానిక్కు భాయి ఇంట్లో దొరికింది. తరాలుగా తిరిగి తిరిగి అంచులు అరిగి, నల్లగా నిగనిగలాడుతోంది. ఇది రోజూ తిరిగే రాయేనని తెలిసినా, ఒకటి రెండు రోజులకేం పోయిందిలే అనుకున్నాను.

"ఎప్పుడిస్తావయ్యా అయ్యోరూ?" అంది అవ్వ.

"ఆఫీసరుగారు ఇలా వచ్చి అలా చూసి పోవడమే అవ్వా. ఆ సాయంత్రమే నీ ఇంట్లో ఉంటుంది."

బడిలో దాన్ని ఒక బండమీద పెట్టి, కుంచెతో అట్టమీద రాశాను: 'నవీన శిలాయుగపు తిరగలి. ప్రాచీన మానవుడు దీనితో గింజలు నలుపుకొని తినెడివాడు.' రాశాక వెనక్కి జరిగి చూసుకుని మురిసిపోయాను.

ఆఫీసర్ల రాక మీకు తెలియనిది కాదు. ఈ సోమవారం అన్నది వచ్చే సోమవారం అయింది, అది పండగ తరవాత అయింది. సామాను మా గదిలోనే ఉండిపోయింది. ఈలోగా ఒక విచిత్రం జరిగింది. మెకానిక్కు భాయి కూతురు మొదటి గంటకి ముందే క్లాసులో కూర్చుని కనబడింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. కింది తరగతుల్లో కూడా ఆడపిల్లలు వేళకి వస్తున్నారు. వరండా బోసిపోయింది.

నేను ఊరుకుంటానా? టీ వేళ స్టాఫురూములో మొదలుపెట్టాను. "చూశారా, ఎగ్జిబిషను మహిమ! చరిత్రని కళ్ళకి కట్టినట్టు చూపిస్తే పిల్లలకి చదువు మీద ఎంత ఆసక్తి పుడుతుందో!"

హెడ్మాస్టరుగారు గ్లాసు కింద పెట్టారు. "ఆసక్తి సరే సోషల్ గారూ. ఆ పిల్ల ఇంట్లో తిరగలి ఎక్కడుంది?"

"మన గదిలో ఉందండి."

"పచ్చడిబండ?"

"అదీ మన గదిలోనే."

"మరి ఇంట్లో దానికి ఏం పనుందండీ? బడికి రాక ఏం చేస్తుంది?"

సైన్సు మాస్టారు పొరబోయి తాగుతున్న టీ ముక్కులోంచి వచ్చేలా నవ్వాడు. వేల ఏళ్ళ మానవ చరిత్ర గడగడా చెప్పేవాణ్ణి. ఒక రాయిని ఇంట్లోంచి తీసి బయట పెడితే ఒక పిల్ల పొద్దు ఖాళీ అవుతుందని ఏ పుస్తకంలోనూ చదవలేదు. వెంటనే భయం పట్టుకుంది. ఆఫీసరు వచ్చి చూసిపోతే రాయి ఇంటికి పోతుంది, పిల్ల మళ్ళీ వరండాలోకి వస్తుంది. లెక్కల్లో ఇప్పుడిప్పుడే చెయ్యి తిరుగుతోంది. పరీక్షలయ్యేదాకా ఆఫీసరుగారి జీపు ఎక్కడైనా మొరాయించాలని వచ్చే పోయే దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను.

మరి పెద్దింటి కందుల సంగతి ఏమైందని అడుగుతారు మీరు. భాయి సామాన్ల కోసం కారంపూడి పోయినప్పుడల్లా కందిమూటని సైకిలు వెనక వేసుకుని మరాడించుకొస్తున్నాడు. అవ్వ ఆ పప్పుని చేటలో పోసి, నాలుగు చెరుగులు చెరిగి, పైటచెంగుతో మొహం తుడుచుకుంటూ ఆయాసపడుతున్నట్టు పెద్దింటికి మోసుకుపోయి, పక్కూళ్ళో చుట్టాల రాయి మీద విసిరిన పప్పని చెబుతోంది. ఈ ముచ్చట పిల్లే నాకు చెప్పింది, నవ్వాపుకోలేక.

"నిన్న పెద్దమ్మగారు పప్పన్నం తిని, 'ఎంత మర పప్పొచ్చినా రాతి పప్పు రాతి పప్పేనే' అన్నదంట సార్. మా దాదీ ఇంటికొచ్చి ఒకటే నవ్వటం. నాన్న మాత్రం తెలిస్తే పరువు పోద్ది, రాయి తెచ్చేసుకుందాం అంటన్నాడు."

నా మొక్కులు దేవుళ్ళు వినలేదు. మిరపకాయలు కళ్ళాల్లో ఎర్రగా ఎండబోసి, ఊరు ఊరంతా తుమ్ముతున్న రోజుల్లో ఆఫీసరుగారి జీపు రానే వచ్చింది. ఊళ్ళోవాళ్ళు కూడా తరలివచ్చారు. ప్రాచీన యుగం దగ్గర బెత్తం పట్టుకుని ఆ పిల్ల వివరిస్తుంటే ఆఫీసరుగారు నిలబడిపోయి విన్నారు. తరవాత ఆధునిక యుగం వైపు తిరిగారు. అక్కడ సైన్సు మాస్టారు మిక్సీకి దండ వేసి నిలబడి ఉన్నాడు. కరెంటు లేదు.

"ఆధునిక యుగం మొదలుపెట్టండి మరి" అన్నారు ఆఫీసరుగారు.

"మొదలవుద్దండి... పొద్దుగూకాక మొదలవుద్దండి. మా ఊరి వంతు అప్పుడేనండి" అన్నాడు సైన్సు మాస్టారు నుదురు తుడుచుకుంటూ.

అంతలో జనాన్ని తోసుకుంటూ అవ్వ ముందుకొచ్చింది. తన రాయిని చూసుకుని, దానిమీది అట్ట చూసి మనవరాలిని చదవమంది. పిల్ల నా వైపు భయంగా చూస్తూ చదివింది.

"పాచీన మానవుడంటే ఎవరే?"

"పాతకాలం మనిషి దాదీ. గుహల్లో ఉండేవాడు."

"వాడి ఒంటిమీద బట్టలన్నా ఉంటయ్యా?"

"ఉండవు దాదీ. ఆకులు."

అవ్వ నా వైపు తిరిగింది. "ఒరేయ్ అయ్యోరూ! దీపావళి ఎల్లినాక నా ఇంట్లోంచి మోసుకొచ్చి, నన్ను గుహలో కూకోబెట్టినావంటయ్యా? నీకు టీ ఇచ్చినానే! బట్టలు కట్టుకునే ఇచ్చినా గదయ్యా!"

గది గొల్లుమంది. ఇక మిగతా ఆడవాళ్ళు ఊరుకుంటారా? ఎవరి సామాను దగ్గరికి వాళ్ళు పోయి అట్టలు చదివించుకోవడం మొదలుపెట్టారు. ఒక పచ్చడిబండ దగ్గర నేను 'అంతరించిపోయిన పరికరం' అని రాశాను.

"అంతరించిపోవటం ఏంది? నువ్వే గదా ఎత్తుకొచ్చింది!" అని దాని సొంతదారు నా మీదికొచ్చింది. "ఆ రోజునించి మా ఇంట్లో పచ్చడి లేదు. మా ఆయన కంచం ముందు కూర్చుని నిన్ను తిట్టని పూట లేదు!"

ఆఫీసరుగారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేదాకా నవ్వారు. మంచి మనిషి, ఎగ్జిబిషను బాగుందన్నారు, పిల్ల బాగా చెప్పిందన్నారు. జీపు ఎక్కబోతూ నా భుజం తట్టి, "మాస్టారూ, పాపం ఎవరి సామాను వాళ్ళకి ఈరోజే ఇచ్చేయండి. జనాన్ని ఇబ్బంది పెట్టకూడదు" అన్నారు.

నా గుండెలో రాయి పడ్డట్టయింది. వెనక్కి తిరిగి చూస్తే ఆ పిల్ల బెత్తం రెండు చేతులా పట్టుకుని తిరగలి వంకే చూస్తోంది. ఇంతసేపూ వెలిగిపోయిన మొహం వాడిపోయింది. హెడ్మాస్టరుగారు కూడా చూశారు, చూసి కిటికీ వైపు తల తిప్పుకున్నారు. ఆఫీసరు మాట కాదనే దారి మా ఇద్దరికీ లేదు.

ఆడవాళ్ళు ఎవరి సామాను వాళ్ళు మోసుకుపోయారు. ప్రాచీన యుగం చూస్తుండగానే ఖాళీ అయింది. ఆఖరికి అవ్వ ఒక్కతే మిగిలింది. రాయి లేకుండా ఇంటికి రావద్దని భాయి చెప్పి బండి పంపాడట. ఆమె తిరగలి పక్కన చతికిలబడి, పై రాయి మీద అరచెయ్యి ఆనించి కాసేపు కూర్చుంది. తరవాత హెడ్మాస్టరుగారిని అడిగింది.

"అయ్యా, ఈ పిల్లకి పరీచ్చలు ఎప్పుడంట?"

"ఎండలు ముదిరే వేళకమ్మా. రోజూ మొదటి గంటకి వస్తే పాసవుతుంది."

"రాకపోతే?"

ఆయన ఖాళీ వరండా వైపు చూశారు. అవ్వ లేచింది. బండివాణ్ణి పిలిచి పై రాయి ఎత్తించింది. వాడు కింది రాయి మీద కూడా చెయ్యి వేయబోతే, "ఆగు, అది ఉండనీ" అంది. వాడు బయటికి పోయాక నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"అయ్యోరూ, కింది రాయి నువ్వియ్యలా."

"నేనెప్పుడు ఇవ్వనన్నాను అవ్వా! తీసుకుపో—"

"ఇయ్యలా అంటన్నానా? ఆపీసరు మళ్ళా వస్తాడని అడ్డం పడ్డావు. నేను తిట్టినా ఇయ్యలా, కాళ్ళు పట్టుకున్నా ఇయ్యలా. మావాడొచ్చి అడిగితే అదే చెప్పు. సగం రాయితో ఎవుడు ఇసురుతాడో నేనూ చూస్తా."

నాకు విషయం ఎక్కడానికి కాస్త టైము పట్టింది. ఆదివారం ప్రసంగాలు చేసే హెడ్మాస్టరుగారికి వెంటనే ఎక్కింది. "సోషల్ గారూ, నేను ఏమీ వినలేదు. అడిగితే అబద్ధం చెప్పలేను కాబట్టి ఇక వినను కూడా" అంటూ గబగబా బయటికి నడిచారు. అంత పెద్దమనిషి అంత వేగంగా నడవడం నేను మళ్ళీ చూడలేదు.

ఆ తరవాత నా బతుకు చెప్పాలా? ఇంటికి పోతూ దారి పొడవునా అవ్వ నన్ను తిట్టుకుంటూనే పోయిందట. ఊరంతా వినేలా, కడుపునిండా, ఎక్కడా పొల్లుపోకుండా. మర్నాటికి నేను రాళ్ళదొంగని. టీ బంకు దగ్గర నన్ను చూడగానే ఒకాయన తను కూర్చున్న బండ తడుముకుని, "ఒరేయ్ జాగర్త, డెల్టావోడు వస్తన్నాడు, బండ కూడా ఉంచడు" అనేవాడు. సైన్సు మాస్టారికి అసలు సంగతి తెలియదు. "మీకింత పురావస్తు పిచ్చి పనికిరాదండీ" అని నాకు హితబోధ చేశాడు.

భాయి బడికొచ్చాడు. గేటు దగ్గరే గొంతు లేచింది. "ఏంది సార్ ఇది? సగం రాయితో మీరేం చేసుకుంటారు? మేమేం చేసుకోవాల?"

"ఆఫీసరుగారు మళ్ళీ వస్తారు భాయ్. అప్పటిదాకా..." అని నీళ్ళు నమిలాను.

"ఎప్పుడొస్తాడు?"

"ఆఫీసర్ల సంగతి నీకు తెలియనిదేముంది?"

అతని చేతిలో పెద్ద స్పానరు ఉంది. మా అమ్మ మాటలు గుర్తొచ్చాయి. కానీ క్లాసులో మొదటి వరసలో కూర్చుని ఆ పిల్ల లెక్క చేసుకుంటోంది. కిటికీలోంచి కనబడుతూనే ఉంది. అతనూ అటు చూశాడు. స్పానరు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. కందిమూట మళ్ళీ సైకిలెక్కింది. పెద్దింట్లో పప్పు మళ్ళీ బ్రహ్మాండంగా ఉడికింది.

మనం పుస్తకాల్లో 'కాలక్రమేణా చేతి పనిముట్ల స్థానాన్ని యంత్రములు ఆక్రమించెను' అని ఒక్క వాక్యంలో రాసిపారేస్తాం. మార్కులకి పనికొచ్చే వాక్యమే, కాదనను. ఆ ఆక్రమించడం వెనక ఎవరో ఒక ముసలమ్మ రోజూ లేని ఆయాసం నటిస్తూ పప్పు మోసుకుపోయి ఉంటుందనీ, ఎవడో ఒక వెర్రి పంతులు తిట్లు తిని ఉంటాడనీ ఆ వాక్యం రాసినవాడికి తెలియదు. నాకూ తెలియదు, ఆ ఏడు దాకా.

పరీక్ష కారంపూడిలో. కందిమూటలు మోసిన సైకిలు మీదే భాయి కూతుర్ని కూర్చోబెట్టుకుని రోజూ తీసుకుపోయాడు, తీసుకొచ్చాడు. ఫలితాలు వచ్చిన రోజు హెడ్మాస్టరుగారు పేపరు చూసి, కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూశారు. పిల్ల పాసైంది. లెక్కల్లో గట్టెక్కింది. సోషల్లో మంచి మార్కులే వచ్చి ఉంటాయని నేనంటే, "అది మీ గొప్పేం కాదులెండి" అన్నారు. నేను పక్కకి తిరిగి ముక్కు తుడుచుకున్నాను.

ఇక దొంగతనం మచ్చ కడిగేసుకుందామని మర్నాడే కింది రాయిని బండి మీద వేయించుకుని భాయి ఇంటికి పోయాను. అవ్వ అరుగు మీద ఉంది. పిల్ల గుమ్మం దగ్గర నిలబడి ఉంది. నా బండి చప్పుడుకి చుట్టుపక్కలవాళ్ళు నలుగురూ పోగయ్యారు, రాళ్ళదొంగ లొంగిపోతున్నాడని.

"ఏందిది?" అంది అవ్వ.

"నీ రాయి అవ్వా. పరీక్షలైపోయాయిగా."

ఆమె అరుగు దిగి బండి దగ్గరికొచ్చింది. వంగి రాయిని చూస్తున్నట్టు నటిస్తూ నా చెవిలో బుసకొట్టింది. "పిల్ల గురజాల కాలేజీకి పోతానంటంది. బస్సు పొద్దున్నే. ఇప్పుడు తెచ్చినావా దీన్ని? నీకు బుద్ధుందా?"

నేను మాట్లాడేలోపే నిటారుగా నిలబడి గొంతెత్తింది. "ఇది మా రాయి కాదు! మాది నల్లగా నిగనిగలాడుతుండేది. యాడిదో తెచ్చి నాకు అంటగడతన్నాడు ఈ డెల్టా అయ్యోరు! నేనొప్పుకోను!"

జనం నా వైపు చూసిన చూపు ఏమని చెప్పను! దొంగ కాస్తా మోసగాడయ్యాడు. ఇంజను పక్కనుంచి భాయి లేచి వచ్చాడు. గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. లోపలికి పోయి పై రాయిని తెచ్చి, బండి మీదే కింది రాయి మీద కూర్చోబెట్టాడు. పిడి పట్టుకుని ఒక చుట్టు తిప్పాడు. రాయి ఎక్కడా తట్టుకోలేదు, ఊగలేదు, మెత్తగా గుండ్రంగా తిరిగింది. అవ్వ కొడుకు మొహం వైపు చూడటం లేదు.

భాయి తల ఎత్తి వాళ్ళమ్మని చూశాడు. తరవాత గుమ్మంలో ఊపిరి బిగబట్టి నిలబడ్డ కూతుర్ని చూశాడు. పై రాయిని తీసి పక్కన దించాడు.

"అమ్మ చెప్పింది నిజమే సార్" అన్నాడు. "ఇది మాది కాదు. తీసుకుపోండి."